ఇద్దరమే వెళ్ళాం: హేస్టింగ్స్ సముద్రం ఒడ్డున మినీగోల్ఫ్, మిగతా సంగతులు

ముందే చెప్పేస్తున్నా, మేమిద్దరమే, పిల్లల్లేరు. ఆ సంగతి ఇక్కడెందుకంటే, ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉండే మినీగోల్ఫ్ (చిన్న ఆవరణలో అడ్డంకులు దాటించి బంతిని కర్రతో గుంటలో వేసే ఆట), బుల్లి రైలు, నాణేల మిషన్లు, ఇలాంటి వాటి గురించి మనవాళ్ళు ఏం రాసినా "మా బాబు బాగా ఎంజాయ్ చేశాడు" అనే ఉంటుంది, ఆ బాబుని తీసుకెళ్ళిన పెద్దవాళ్ళకి ఎలా ఉందో ఒక్కరూ చెప్పరు. లండన్ దగ్గర ఉంటూ రెండేళ్ళుగా ఖాళీ శనివారం దొరికితే చాలు ఇలాంటి ఊళ్ళే తిరుగుతున్నాం కాబట్టి నేను చెప్తాను. ఇంగ్లండ్ దక్షిణపు ఒడ్డున ఉన్న హేస్టింగ్స్‌కి మాత్రం మూడుసార్లు వెళ్ళాం, మొన్న శనివారం వెళ్ళింది మూడోసారి.

నాది కాకినాడ. సముద్రం అంటే నాకు ఉప్పాడ రోడ్డు, ఎండుచేపల వాసన, అంతే, దాని గురించి పెద్ద మురిపెం లేదు. మా ఆయనది ఖమ్మం, ఇంటర్ అయ్యేదాకా సముద్రమే చూడలేదట. అందుకే నీళ్ళు కనబడగానే ఆయన ప్యాంటు పైకి మడుస్తారు, నేను టీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతాను. హేస్టింగ్స్ ఒడ్డున కాళ్ళకింద తగిలేది ఇసుక కాదు, గులకరాళ్ళు. మొదటిసారి చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగడుగులు వేసి, నిప్పుల గుండంలో నడుస్తున్నవాడిలా మొహం పెట్టి వెనక్కి వచ్చేశారు. ఆ తర్వాత రెండుసార్లూ బూట్లు విప్పలేదు.

వెళ్ళడం సులువే. లండన్ చేరింగ్ క్రాస్ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది, గంటన్నర పైచిలుకు. ఇద్దరుగా తిరిగేవాళ్ళు టూ టుగెదర్ రైల్‌కార్డు తీసుకోండి, టికెట్టులో మూడోవంతు తగ్గుతుంది, కార్డు మీద ఇద్దరి ఫొటోలూ ఉంటాయి, ఇద్దరూ కలిసి ప్రయాణం చేస్తేనే చెల్లుతుంది. పెళ్ళయిందా, కాలేదా, అన్నాచెల్లెళ్ళా, స్నేహితులా అని ఎవరూ అడగరు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర లోపల పనికిరాదు, శని ఆదివారాల్లో ఆ బాధ లేదు. దారిలో బ్యాటిల్ అని ఒక ఊరొస్తుంది, అంటే యుద్ధం అనే ఊరన్నమాట. 1066లో హేస్టింగ్స్ యుద్ధం అని మనం చరిత్ర పుస్తకంలో చదువుకున్నది నిజానికి జరిగింది అక్కడట, పేరు మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి దక్కింది. కష్టం ఒకళ్ళది, పేరు ఒకళ్ళది.

స్టేషన్లో దిగి పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే ఒడ్డు రోడ్డు మీదే హేస్టింగ్స్ అడ్వెంచర్ గోల్ఫ్. ఒకే ఆవరణలో మూడు కోర్సులు, ఒక్కోదానికి 18 గుంటలు. ఒకటి పైరేట్ గోల్ఫ్, ఒకటి అడ్వెంచర్ గోల్ఫ్, ఇంకోటి క్రేజీ గోల్ఫ్. కౌంటర్లో మన ఎత్తుకు సరిపడా ఒక కర్ర, నచ్చిన రంగు బంతి, స్కోరు కార్డు, వేలెడంత పెన్సిలు చేతిలో పెడతారు. ఆ పెన్సిలు ఎవరి దగ్గర ఉంటుందన్న దాని మీదే మా ఇంట్లో సగం గొడవలు.

మొదటిసారి వచ్చినవాళ్ళు నేరుగా పైరేట్ గోల్ఫ్‌కి పరిగెడతారు. మేమూ అదే చేశాం. సముద్రపు దొంగల బొమ్మలు, నీళ్ళు, హడావిడి, ఫొటోలకి బ్రహ్మాండంగా ఉంటుంది. అడ్వెంచర్ గోల్ఫ్‌లో ఎత్తుపల్లాల పచ్చటి కార్పెట్, సెలయేళ్ళు, రాళ్ళు. చూడటానికి రెండూ బాగుంటాయి, కాదనను. కానీ మూడుసార్లు ఆడాక నా మాట వినండి, ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్తే ఆడాల్సింది మూడోది, చూడ్డానికి ఏమీ లేనట్టు కనిపించే క్రేజీ గోల్ఫ్.

ఎందుకో చెప్తాను. అలంకారం ఎక్కువున్న కోర్సుల్లో దారికి అంచు రాళ్ళతో ఉంటుంది, ఒక్కో రాయి ఒక్కో వంకర. బంతి వెళ్ళి రాయికి తగిలిందంటే అది ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి. నేను బాగా కొట్టినా గుంటలో పడదు, ఆయన చెత్తగా కొట్టినా పడుతుంది. ఒక్కసారికి నవ్వొస్తుంది, పన్నెండో గుంట దగ్గరికొచ్చేసరికి విసుగొస్తుంది. క్రేజీ గోల్ఫ్ అలా కాదు. చదునైన దారి, రెండువైపులా తిన్నటి గట్టు, మధ్యలో ఒక అడ్డంకి, అంతే. గట్టుకి ఏ కోణంలో తగిలిందో అదే కోణంలో తిరిగొస్తుంది. క్యారమ్స్ ఆడి పెరిగినవాళ్ళకి ఇంకేం చెప్పాలి? ఎండాకాలం సెలవుల్లో పౌడరు చల్లుకుని, స్ట్రైకర్‌ని పక్క చెక్కకి కొట్టి మూల కాయిన్ తీసినవాళ్ళందరికీ ఈ ఆట సగం వచ్చినట్టే. మా ఆయన మొదటి గుంట దగ్గర కర్ర చివర నిలబెట్టి, ఒక కన్ను మూసి, గట్టు మీద ఎక్కడ తగలాలో చూసుకుంటుంటే వెనకాల నిలబడ్డ తెల్లాయన "మీరు పోటీలకి వచ్చారా?" అని అడిగాడు. ఆ రోజంతా మా ఆయన కాళ్ళు నేల మీద లేవు.

పోటీలంటే నిజంగానే ఉన్నాయి. ప్రపంచ క్రేజీ గోల్ఫ్ పోటీలు 2003 నుంచి ఈ ఊళ్ళోనే జరుగుతున్నాయి. యూరప్‌లో మినీగోల్ఫ్‌ని సీరియస్‌గా ఆడేవాళ్ళ దగ్గర సంచీనిండా బంతులుంటాయట, గట్టివి, మెత్తవి, ఎగిరేవి, ఎగరనివి, ఒక్కో గుంటకి ఒక్కోటి. ఈ సంగతి మా అత్తగారికి ఫోన్లో చెప్తే "పెద్దోళ్ళు ఆడేదా అది?" అన్నారు. ఆ మాటకి వస్తే మామూలు గోల్ఫ్ మాత్రం ఏంటి, అదీ కర్ర, బంతి, గుంటే కదా అన్నాను. "సరేలే అమ్మాయ్, ఆడుకోండి, కానీ విశేషాలేమన్నా..." అని అక్కడికే వచ్చారు. నేను గాలిమర గుంట గురించి చెప్పడం మొదలుపెట్టాను.

గాలిమర గుంట గురించి మీకూ చెప్పాలి. మన నడుమంత ఎత్తు బొమ్మ గాలిమర, దాని కింద బంతి పట్టేంత చిన్న ద్వారం, ముందు రెక్కలు తిరుగుతుంటాయి. రెక్క అడ్డొస్తే బంతి టప్పున తగిలి వెనక్కి వచ్చి సరిగ్గా మన కాళ్ళ దగ్గరే ఆగుతుంది, అదొక అవమానం. మా ఆయన రెక్కని చూసి కొడతారు, అంటే రెక్క దాటిందనుకుని కొట్టేసరికి తర్వాత రెక్క వచ్చేస్తుంది. నాలుగుసార్లు తగిలింది. నేను రెక్కలు చూడ్డం మానేసి మనసులో లెక్క పెట్టుకున్నాను, చిన్నప్పుడు తాడాట ఆడేటప్పుడు తిరుగుతున్న తాడులోకి దూకడానికి ఊగుతూ నిలబడేవాళ్ళం చూడండి, అచ్చం అలా. ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఇప్పుడు. బంతి లోపలికి పోయింది. అవతల చప్పుడు వినబడింది కానీ కనబడలేదు, ఇద్దరం చుట్టూ తిరిగి వెళ్ళి చూస్తే గుంటలో ఉంది, ఒకే దెబ్బకి. నేను అరిచిన అరుపుకి పక్క గుంట దగ్గర ఆడుతున్న పాప ఉలిక్కిపడి వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. సారీ పాపా.

ఇక్కడ ఇంకో మాట. ఇలాంటి చోట్ల మేం మామూలు కంటే ఎక్కువ మాట్లాడుకుంటాం. సినిమాకి వెళ్తే రెండున్నర గంటలు నోరు మూసుకుంటాం, హోటల్‌కి వెళ్తే తిండి వచ్చేదాకా చెరొక ఫోను. ఇక్కడ ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో బంతో కార్డో, ఫోను తీసే వీలే ఉండదు, ముందున్న కుటుంబం ఆడేదాకా ఊరికే నిలబడాలి, నిలబడితే ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఇల్లు కొనాలా వద్దా అన్న సంగతి ఎనిమిదో గుంట, తొమ్మిదో గుంట మధ్య తేల్చేశాం. అంతకుముందు ఆరు నెలలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే తేలలేదు.

ఖర్చు గురించి. ఇద్దరం రెండు కోర్సులు ఆడినా లండన్‌లో ఇద్దరం బయట భోంచేసేదానికంటే తక్కువే అయింది. శనివారం మధ్యాహ్నం రెండు దాటితే జనం పెరిగిపోతారు, గుంట గుంటకీ క్యూ. పదిన్నర, పదకొండుకల్లా వెళ్ళిపోతే మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోవచ్చు. జాకెట్ తప్పనిసరి, ఎండ ఉన్నా సరే, ఆ గాలికి కార్డు ఎగిరిపోయి రోడ్డవతల పడితే తెచ్చుకోవడానికి మా ఆయన పరిగెత్తారు.

గోల్ఫ్ అయ్యాక పాత ఊరి వైపు నడవండి. బుల్లి రైలు ఉంది, 1948 నుంచి నడుస్తోంది, పట్టాల మధ్య దూరం పదింపావు అంగుళాలు. పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి, కూర్చున్నాం, అంతా చెయ్యి ఊపితే మేమూ ఊపాం, కూర్చున్న కాళ్ళు సర్దుకునేలోపే దిగే చోటు వచ్చేసింది. ఒక్కసారికి సరదాయే, రెండోసారి ఎక్కలేదు.

రైలు దిగిన చోట నాకు ఊపిరి ఆగినంత పనైంది. తారు పూసిన నల్లటి చెక్క గదులు, సన్నగా పొడుగ్గా, మూడంతస్తుల ఎత్తున, వరసగా నిలబెట్టిన అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. జాలర్లు వలలు దాచుకునేవట. ఒడ్డున చోటు తక్కువ కాబట్టి పక్కకి కాకుండా పైకి కట్టుకున్నారు. రేవు లేదు, పడవల్ని రాళ్ళ మీదకే లాక్కుని పెడతారు, యూరప్‌లో ఇలా ఒడ్డు నుంచే వేటకెళ్ళే పడవలు ఎక్కువున్న ఊరు ఇదేనట. ఆ పడవలు, తుప్పు పట్టిన గొలుసులు, చేపల వాసన... అన్నిటికంటే ముందు ఆ వాసన. ఉప్పాడ అంటే మురిపెం లేదన్నాను కదా, అక్కడ పది నిమిషాలు కదల్లేదు నేను. మా ఆయన ఏమీ అనకుండా పక్కనే నిలబడ్డారు. తర్వాత "టీ తాగుతావా?" అన్నారు.

అక్కడే ఈస్ట్ హిల్ లిఫ్ట్ ఉంది, కొండ పైకి పట్టాల మీద వెళ్ళే పెట్టె, బ్రిటన్‌లో ఇంత నిటారుగా ఎక్కేది ఇంకోటి లేదు. విశాఖలో కైలాసగిరి రోప్‌వే ఎక్కినవాళ్ళకి భయం వెయ్యదు కానీ కింద ఇళ్ళ కప్పులు చిన్నబోతుంటే కడుపులో మాత్రం ఒక చిన్న ఇది. పైన గడ్డి, గాలి, కింద మొత్తం ఊరు. పులిహోర డబ్బా ఇక్కడ తెరవండి. కింద ఒడ్డున తెరవకండి, సీగల్స్ ఉన్నాయి. కోడిపిల్లంత పక్షులనుకునేరు, మన ఊరి గద్దంత ఉంటాయి, సిగ్గూ శరమూ లేవు. వెనిగర్ చల్లిన చిప్స్ పొట్లం నేను నోటిదాకా తెచ్చుకుంటే భుజం మీదుగా వచ్చి ఎత్తుకుపోయింది, చిప్స్ పోయినందుకు కాదు, రెక్క చెంపకి తగిలినందుకు ఏడుపొచ్చింది.

నాణేల మిషన్ల గురించి ఒక్క ముక్క. రెండు పెన్నీల నాణెం పైనుంచి వేస్తే కిందున్న నాణేల గుట్టని ఒక పలక ముందుకి తోస్తుంటుంది, అంచున వేలాడుతున్నవి ఇప్పుడు పడతాయి, ఇప్పుడు పడతాయి అనిపిస్తుంది, పడవు. రెండు పౌండ్లు మార్చుకుని వెళ్ళండి, అవి అయిపోగానే వచ్చెయ్యండి. మా ఆయనకి నలభై పెన్నీలు పడ్డాయి, అవి కూడా మళ్ళీ అందులోనే వేసేశారు.

వేరే ఊళ్ళు కూడా చెప్పాలంటే, సౌత్ఎండ్ ఇద్దరికి బాగుంటుంది. సముద్రంలోకి రెండు కిలోమీటర్లకి పైగా వెళ్ళే పియర్, అంటే వంతెనలాంటి కట్టడం, సరదాగా తిరగడానికి కట్టినవాటిలో ప్రపంచంలోనే పొడుగైనది, వెళ్ళేటప్పుడు నడిచి వచ్చేటప్పుడు దాని మీదున్న రైలెక్కండి. అక్కడి అడ్వెంచర్ ఐలండ్‌లో లోపలికి వెళ్ళడానికి డబ్బులుండవు, ఎక్కిన రైడ్‌కే కట్టాలి, కాబట్టి నాలాంటి భయస్తులు సంచులు పట్టుకుని ఊరికే కింద నిలబడొచ్చు. ఇంకో ఊళ్ళో, పేరెందుకులెండి, చిరిగిన కార్పెట్, పాచి పట్టిన చెరువు, బంతి అందులో పడితే తీసుకోవడానికి వల కూడా లేదు. అక్కడే టికెట్ల దగ్గర "ఫ్యామిలీ టికెట్ చవకండి" అని బోర్డు చూసి అది ఇమ్మన్నాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉంటేనే ఫ్యామిలీ అట. "మరి మేమెవరం?" అన్నారు మా ఆయన తెలుగులో, నాకు మాత్రమే వినబడేలా. కౌంటర్లో అమ్మాయి నవ్వి రెండు అడల్ట్ టికెట్లు చింపింది.

మొన్నటి స్కోరు నాది 47, ఆయనది 51, ఈ ఆటలో తక్కువ దెబ్బలు కొట్టినవాళ్ళే గెలిచినట్టు. పదకొండో గుంట దగ్గర ఆయనకి నేను ఆరు వేశాననీ, నిజానికి నాలుగేననీ ఇంకా అంటూనే ఉన్నారు. అప్పుడు కూడా నేనే గెలుస్తాను కదా, లెక్క చూసుకోవచ్చు. వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు, మూడు నెలలుంటారు. ఫోన్లో అంత వెటకారం చేసిన మనిషి ఇప్పుడు "ఆ గాలిమర దగ్గరికి నన్ను తీసుకుపోతారా?" అని అడుగుతున్నారు. తీసుకెళ్తాం. ఫ్యామిలీ టికెట్టు మాత్రం అప్పుడూ రాదు, ముగ్గురమూ పెద్దవాళ్ళమే.