‘త్రీడీ అంతరిక్ష సాహసం’ కరపత్రం మీ ఊరికి వస్తే టికెట్ కొనే ముందు ఇది చదవండి

పాలకొల్లు, నరసాపురం, భీమవరం పరిసరాల్లో పిల్లలున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. చించినాడ వంతెన దాటి రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం. మా దగ్గర పంచిన కరపత్రమే, ఊరి పేరూ తేదీ మాత్రం మార్చుకుని, ఇప్పుడు అటువైపు తిరుగుతోంది.

వేసవి సెలవుల్లో పిల్లల కోసం ప్రత్యేక ప్రదర్శన అంటూ ఒక బృందం ఇంటింటికీ వచ్చి టికెట్లు అమ్ముతోంది. మా పాలకొల్లులో ఒక కల్యాణ మండపంలో ఉదయం ఆట వేశారు. మా పిల్లలు, అక్క పిల్లలు, వీధిలో సగం మంది పిల్లలు వెళ్లారు. వాళ్లకు తోడుగా పెద్దవాళ్లం కొందరం వెళ్లాం. టికెట్ 150 రూపాయలు, కళ్లద్దాలకు వేరే 40. వాళ్లు ఇచ్చిన హామీలు నాలుగు: తెలుగు డబ్బింగ్, త్రీడీ, ఏసీ హాలు, ఆస్కార్ గెలిచిన సినిమా. ఈ నాలుగింటిలో నిజమైనది ఏసీ ఒక్కటే. అదీ విశ్రాంతి వరకే.

కరపత్రంలో సినిమా పేరు ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంది: ట్రెజర్ ప్లానెట్. అది ఇంగ్లిషు బొమ్మల సినిమా. మిగతా కాగితమంతా ‘ప్రేక్షకుల అభిప్రాయాలు’. ఒక్కొక్కదానికి అయిదు నక్షత్రాలు, కింద ‘హైదరాబాద్ నుంచి ఒక తల్లి’, ‘విశాఖ ఉపాధ్యాయుడు’ తరహా సంతకాలు. టికెట్లు అమ్ముడుపోయింది వీటి వల్లే. సినిమా పేరు ఎవరూ అడగలేదు, అభిప్రాయాలు మాత్రం అందరూ చదివారు. కాబట్టి ముందుగా వాటి సంగతే చూద్దాం.

‘మొదటి అరగంట మాటలే ఉండవు, అయినా కళ్లు చెమరుస్తాయి’ అని ఒక అభిప్రాయం. చదవగానే నాకు అనుమానం వచ్చింది, ఆట చూశాక రూఢి అయింది. ట్రెజర్ ప్లానెట్‌లో మొదటి నుంచీ మాటలే. దాదాపు మాటలు లేకుండా మొదలయ్యే అంతరిక్ష యానిమేషన్ సినిమా వేరే ఉంది, 2008లో వచ్చిన వాల్-ఈ. చెత్త కుప్పగా మారిన భూమి మీద ఒంటరిగా పనిచేసుకునే చిన్న రోబో కథ అది. ఆ సినిమాను మెచ్చుకుంటూ ఎవరో రాసిన మాటలను ఎత్తి ఈ సినిమా కింద అంటించారు. రెండింట్లోనూ అంతరిక్షం ఉంది, రెండూ బొమ్మల సినిమాలే, ఊళ్లో వాళ్లకు తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నారు కాబోలు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరికి వచ్చి ఆ ధైర్యం చేశారు.

ఇక ఆస్కార్. ట్రెజర్ ప్లానెట్ ఉత్తమ యానిమేషన్ చిత్రం విభాగంలో నామినేషన్ పొందిన మాట నిజం. 2003 మార్చిలో జరిగిన ఆ వేడుకలో అవార్డు అందుకున్నది మాత్రం జపాన్ దర్శకుడు హయావో మియాజాకి తీసిన స్పిరిటెడ్ అవే. ‘వసూళ్లలో ప్రపంచ రికార్డులు’ అన్నది ఇంకా పెద్ద అబద్ధం. సుమారు 14 కోట్ల డాలర్లు పెట్టి తీసిన ఆ సినిమాకు ప్రపంచమంతటా కలిపి వచ్చింది దాదాపు 11 కోట్లు. అందులో హాళ్ల వాటా పోగా నిర్మాతకు మిగిలేది ఎంతో లెక్క వేసుకోండి. నష్టపోయిన యానిమేషన్ సినిమాల గురించి ఎవరు మాట్లాడినా దీని పేరు ముందు వరుసలో వస్తుంది.

అన్నిటికన్నా ఘోరమైనది త్రీడీ. ‘గ్రహాలు మన ఒళ్లో వచ్చి పడతాయి’ అని రాశారు. ఈ సినిమా 2002 నవంబరులో అమెరికాలో విడుదలైనప్పుడు మామూలు హాళ్లతో పాటు ఐమాక్స్ పెద్ద తెరల మీద కూడా ఒకేసారి వేశారు. అప్పట్లో అది విశేషమే. కానీ పెద్ద తెర వేరు, త్రీడీ వేరు. ఇందులో మనుషులను చేత్తో గీశారు, ఓడలూ నేపథ్యాలూ చాలావరకు కంప్యూటర్‌లో తయారుచేశారు. జాన్ సిల్వర్ అనే వంటవాడి ఒళ్లు చేతి గీత, అతని ఇనుప చెయ్యి కంప్యూటర్ పని. రెండూ ఒకే మనిషిలో అతుకు కనపడకుండా కలిసిపోవడమే ఆ సినిమా పనితనం. ఒళ్లో వచ్చి పడే గ్రహాలేవీ అందులో లేవు.

మరి 40 రూపాయల కళ్లద్దాలు? అట్టముక్కకు ఒక పక్క ఎర్ర కాగితం, ఇంకో పక్క నీలం కాగితం అంటించినవి. ఆ పద్ధతిలో నిజంగానే త్రీడీ చూపించవచ్చు. అందుకు తెర మీద రెండు బొమ్మలు కొద్దిగా పక్కపక్కకు జరిపి, ఒకటి ఎరుపులో, ఒకటి నీలిపచ్చలో వేయాలి. ఎర్ర అద్దం ఒక కంటికి ఒక బొమ్మను, నీలం అద్దం రెండో కంటికి రెండో బొమ్మను చేరవేస్తాయి. మెదడు రెండింటినీ కలిపి లోతు ఊహించుకుంటుంది. తెర మీద ఉన్నది ఒక్కటే మామూలు బొమ్మ అయితే ఆ అద్దాలు చేసే పని రంగులు మింగేయడం మాత్రమే. కాసేపటికి పిల్లలే వాటిని తీసి చూసుకుని, తీస్తేనే బాగా కనిపిస్తోందని ఒకరికొకరు చెప్పుకున్నారు. నిర్వాహకుల మనిషి ఒకతను వచ్చి ‘పెట్టుకుంటేనే ఎఫెక్ట్’ అని గదమాయించాడు. కొందరు భయపడి మళ్లీ పెట్టుకున్నారు. డబ్బు పోయిన దానికన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని పిల్లవాడు ఉన్నది ఉన్నట్టు చెబితే, నీ కన్నే తప్పు అన్నారు.

హాలు గురించి రెండు ముక్కలు. పెళ్లిళ్లలో వీడియో వేసే ప్రొజెక్టర్ పెట్టారు. కిటికీలకు తెరలు ఉన్నాయి గానీ పల్చటివి, బయట గోదావరి జిల్లాల మే నెల ఎండ. ప్రొజెక్టర్ తెల్లటి వెలుగును వేయగలదు, నలుపును వేయలేదు. నల్లగా ఉండాల్సిన చోట వెలుగు వేయకుండా వదిలేస్తుంది, అంతే. గది ఎంత చీకటిగా ఉంటే తెర మీద నలుపు అంత చిక్కగా కనిపిస్తుంది. పల్లెటూరి కుటుంబ కథ అయితే ఎలాగో సర్దుకోవచ్చు. అంతరిక్ష సినిమాలో సగం తెర చీకటే. మా పిల్లలు చూసిన అంతరిక్షం కుడితి నీళ్ల రంగులో ఉంది. ఈ సినిమాలో నాకు బాగా ఇష్టమైన దృశ్యం ఒకటుంది. ఆకాశంలో నెలవంక కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ అది చంద్రుడు కాదని, నెలవంక ఆకారంలో కట్టిన ఓడరేవు అని, దాని నిండా దీపాలూ ఓడలూ జనమూ ఉన్నారని తెలుస్తుంది. అలాంటి దృశ్యం వచ్చి వెళ్లిందని కూడా మా హాల్లో ఎవరికీ తెలియలేదు. పైగా బొమ్మను తెర నిండేలా అడ్డంగా సాగదీశారు. కెప్టెన్ అమీలియా పిల్లి పోలికల సన్నటి మనిషి. ఇక్కడ బొద్దుగా కనిపించింది.

మాటలన్నీ ఇంగ్లిషే. తెలుగు డబ్బింగ్ ఏదని పక్క వీధి పిన్నిగారు లేచి అడిగితే, ‘బొమ్మల సినిమాకు భాషతో పనేమిటండీ’ అన్నాడు నిర్వాహకుల మనిషి. మాటలు తక్కువున్న సినిమాకైతే ఆ జవాబు కొంత చెల్లేదేమో. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1883లో పుస్తకంగా తెచ్చిన సముద్రపు దొంగల నవల ఈ కథకు ఆధారం. సముద్రాన్ని అంతరిక్షంగా మార్చారు గానీ కథ నడిచేది మాటల మీదే. చిన్నప్పుడే తండ్రి వదిలేసి వెళ్లిన కుర్రవాడు జిమ్, వాడిని చేరదీస్తూనే లోపల వేరే ఎత్తుగడ దాచుకున్న సిల్వర్. ఏ మాట ప్రేమతో అన్నది, ఏ మాట పన్నాగంతో అన్నది అని పోల్చుకోవడంలోనే రుచి ఉంది. ఆరో తరగతి పిల్లలకు ఆ ఇంగ్లిషు ఎక్కడ అందుతుంది? హాలు నిశ్శబ్దమైనది ఒక్క చోటే. పాట వెనక వినిపిస్తుండగా, తండ్రి ఓడెక్కి వెళ్లిపోతుంటే చిన్న జిమ్ రేవు మీద పరుగెడతాడు. అక్కడ మాటలు అక్కర్లేదు.

అసలైన ప్రేక్షకుల అభిప్రాయాలు ఇంటికి నడిచి వస్తుంటే విన్నాను. కరపత్రంలో ఉన్నవాటి కన్నా అవి ఎంతో నయం. రకరకాల ఆకారాలు మార్చుకునే గులాబీ రంగు జీవి మార్ఫ్ అందరికీ నచ్చింది. మతిపోయిన రోబో బెన్ గురించి పెద్ద పిల్లలు ‘అరుపులు ఎక్కువ’ అన్నారు. చాలామంది ప్రేక్షకులదీ ఆ రోబో మీద అదే ఫిర్యాదు. ఇక అక్క కూతురు, ‘మామయ్యా, ఓడ పైకప్పు లేకుండా ఉంది కదా, వాళ్లు అంతరిక్షంలో ఊపిరి ఎలా పీలుస్తున్నారు?’ అని అడిగింది. ఈ సినిమా మీద వచ్చిన విమర్శల్లో ఇదీ ఒకటి. పాత కాలపు ఓడ ప్రయాణం అందం పోకూడదని, మనుషులకు అంతరిక్ష దుస్తులు తొడగకుండా, అక్కడ కూడా గాలి ఉన్నట్టు దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ ఊహించారు. కొందరికి అది నచ్చుతుంది, కొందరికి మింగుడుపడదు. నాకు నచ్చింది. అమ్మాయికి నచ్చలేదు. కరపత్రంలో ఇలాంటిది ఒక్క ముక్క ఉన్నా దాన్ని నమ్మి ఉండేవాణ్ణి. ప్రతి ఒక్కరికీ ప్రతి విషయమూ నచ్చే సినిమా ఎక్కడైనా ఉంటుందా?

సినిమాను నేను తప్పుపట్టడం లేదు. చీకటి గదిలో, సరైన తెర మీద, భాష అర్థమైతే చూడదగిన సినిమా. చూపించిన తీరు మోసం, అమ్మిన తీరు ఇంకా పెద్ద మోసం.

విశ్రాంతి తర్వాత ఏసీ కట్టేశారు. ఆట ముగిశాక డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే రేపు ఫోను చేయమన్నారు. ఆ ఫోను ఇప్పటికీ స్విచాఫ్‌లోనే ఉంది. రసీదు మీద జీఎస్టీ నంబరు లేదు, చిరునామా లేదు, సంస్థ పేరు మాత్రం చాలా పెద్ద అక్షరాల్లో ఉంది. యూపీఐలో కట్టిన వాళ్ల డబ్బు వెళ్లింది ఆ సంస్థ ఖాతాకు కాదు, ఒక వ్యక్తి ఖాతాకు. చెల్లించే ముందు తెర మీద ఖాతాదారు పేరు కనిపిస్తుంది. కరపత్రం మీది పేరుతో అది కలవకపోతే అక్కడే ఆగిపోండి.

ఇలాంటి ప్రత్యేక ఆటకు ఎవరైనా టికెట్ అమ్మడానికి వస్తే సెన్సార్ సర్టిఫికెట్ అడగండి. డబ్బు తీసుకుని జనానికి చూపించే సినిమాకు అది ఉండాలి. డబ్బింగ్ చేస్తే ఆ భాషకు కూడా సర్టిఫికెట్ ఉండాలి, దాని మీద భాష రాసి ఉంటుంది. తెలుగు అని రాసి ఉన్న కాగితం చూపించలేనివాడి దగ్గర తెలుగు సినిమా లేదన్నమాట. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కును హక్కుదారు అనుమతి లేకుండా టికెట్ పెట్టి మండపంలో వేయడం కాపీరైట్ చట్టం ప్రకారం కూడా నేరమే. మండపం యజమానులూ ఇది గమనించాలి, అద్దె వచ్చిందని ఊరుకుంటే రేపు ప్రశ్నలు వాళ్లకూ వస్తాయి.

అభిప్రాయాల విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది. కరపత్రంలోని వాక్యాల్లో పాత్ర పేరు, దృశ్యం, చూసిన హాలు, విన్న భాష లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూడండి. అద్భుతం, అమోఘం, కుటుంబమంతా చూడాలి అన్న మాటలే ఉంటే వాటిని ఏ సినిమా కిందైనా అంటించవచ్చు. నిజమైన ప్రశంస అయినా ఎవరో నగరంలో పెద్ద తెర మీద, మరో భాషలో చూసి మెచ్చుకున్నది అయ్యుండొచ్చు. మన ఊళ్లో మన చేతికి వచ్చే టికెట్‌కు ఆ మెచ్చుకోలు వర్తించదు. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, అదీ స్వచ్ఛందమే. ఇంటి గుమ్మంలో చేతికిచ్చే కాగితాన్ని పరీక్షించాల్సింది మనమే.

మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకు వస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు, రెండేళ్లలోపు వేయవచ్చు. 190 రూపాయల కోసం ఎవరు తిరుగుతారని వాళ్ల ధీమా. అందుకే మా వీధి వాళ్లం కలిసి ఒకే ఫిర్యాదు రాస్తున్నాం. పాలకొల్లు ఆటకు వెళ్లినవాళ్లు టికెట్ ముక్క, కరపత్రం, ఆ అట్ట కళ్లద్దాలు పారేయకండి. యూపీఐ చెల్లింపు వివరాన్ని ఫొటో తీసి ఉంచండి. కరపత్రం పసుపు రంగు కాగితం, పైన ఎర్ర రాకెట్ బొమ్మ ఉంటుంది. సినిమాలో రాకెట్లే లేవు, ఉన్నవి తెరచాప ఓడలు.