ఊపిరి పీల్చే మానికిన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మామూలు వెంటిలేషన్, అంటే పేషెంటుకు ట్యూబ్ ద్వారా ఊపిరి అందించడం, నేర్పడానికైతే ఈ మానికిన్‌కి (డాక్టర్లు సాధన చేసే మనిషి బొమ్మకి) పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ఒక్క ఊపిరితిత్తి మీద పేషెంటును నడపడం నేర్పాలంటే మాత్రం ఐదు దాటవు. చిక్కేమిటంటే, మా డిపార్ట్‌మెంట్ దీన్ని కొన్నది ముఖ్యంగా ఆ రెండో పనికే.

చిన్న కోతతో చేసే మైట్రల్ వాల్వ్ (గుండెలో ఎడమవైపు గదుల మధ్య కవాటం) ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను కోయరు. కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి వెళ్తారు. సర్జన్‌కు గుండె కనిపించాలంటే కుడి ఊపిరితిత్తి ముడుచుకోవాలి, ఎడమదానితోనే నెట్టుకురావాలి. అందుకు చాలాచోట్ల ఎడమ డబుల్ ల్యూమెన్ ట్యూబ్ వేస్తారు; అందులో రెండు ఊపిరితిత్తులకూ వేర్వేరు దారులుంటాయి, కొస ఎడమ శ్వాసనాళంలో కూర్చుంటుంది.

ముందు మంచి చెప్పుకుందాం. గాలి కొట్టే బ్యాగ్ చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. ఊపిరితిత్తుల సాగుదల తగ్గిస్తే బ్యాగ్ గట్టిపడుతుంది, వెంటిలేటర్‌లో పీక్ ప్రెషర్ (గాలి నెట్టేటప్పటి గరిష్ఠ ఒత్తిడి) ఎక్కుతుంది. చిన్న సిలిండర్ నుంచి నిజమైన కార్బన్ డయాక్సైడే బయటికొస్తుంది కాబట్టి దాన్ని కొలిచి చూపే కాప్నోగ్రాఫ్ గీతలో బూటకం లేదు. ట్యూబ్ అన్నవాహికలోకి పోతే గీత లేవదు, పొట్ట ఉబ్బుతుంది. ఎన్ని క్లాసులు చెప్పినా తలకెక్కనిది ఆ పొట్ట ఒక్కసారి ఉబ్బితే ఎక్కుతుంది.

ఇక డబుల్ ల్యూమెన్ సంగతి. ట్యూబ్‌లో కుడివైపు దారిని క్లాంప్‌తో మూస్తే ఎడమ ఛాతీ ఒక్కటే లేస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. అంతవరకే. నిజం పేషెంటులో ముడుచుకున్న ఊపిరితిత్తిలోకి కూడా రక్తం వెళ్తూనే ఉంటుంది, ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగొస్తుంది. అందుకే నిమిషాల మీద శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ స్థాయి) మెల్లగా జారుతుంది. ఆ తర్వాత అక్కడి రక్తనాళాలు బిగుసుకుని కొంత సర్దుకుంటుంది. ఈ మానికిన్‌లో అదంతా లేదు. దీన్ని నడిపే ట్యాబ్ నేను నొక్కితేనే శాచురేషన్ పడుతుంది. ట్యూబ్ తప్పు చోట కూర్చున్నా మానిటర్ మీద నిశ్చింతగా 99 కనిపిస్తుంది. ఈమధ్య మా పీజీ విద్యార్థులు మానిటర్ మానేసి నా వేళ్లనే చూస్తున్నారు, తెలివైనవాళ్లు!

ఫ్లోరిడా యూనివర్సిటీలో పుట్టిన హ్యూమన్ పేషెంట్ సిమ్యులేటర్ నిజంగానే ఆక్సిజన్ వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలేది. మాది ఆ కోవలోది కాదు.

నిర్వహణ కాస్త తలనొప్పే. కంప్రెసర్ మోతలో స్టెత్ పెట్టినా శ్వాస సరిగా వినపడదు. ఒకసారి వెంటిలేటర్‌లో ఊపిరికి 500 మిల్లీలీటర్ల గాలి పెడితే 380 మాత్రమే తిరిగొచ్చింది. సర్క్యూట్ అంతా వెతికాం, చివరికి చూస్తే ఊపిరితిత్తిలా పనిచేసే లోపలి సంచి చిరిగింది. కొత్తది వచ్చేదాకా బ్యాచ్ మొత్తం వీడియోలతోనే సరిపెట్టుకుంది. ట్యూబ్‌కి మామూలు జెల్లీ రాస్తే ఎండి అతుక్కుపోతుంది, దానికిచ్చిన స్ప్రేనే వాడాలి.

కొనాలనుకునేవాళ్లు డెమోకి మీ డబుల్ ల్యూమెన్ ట్యూబ్, మీ బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి చూసే సన్నటి కెమెరా గొట్టం) పట్టుకెళ్లండి. బ్రాంకియల్ కఫ్‌లో (ట్యూబ్ కొసన ఉండే చిన్న బుడగలో) గాలి నింపి, ఆ కఫ్ శ్వాసనాళం నుంచి బయటికి జారకుండా నిలుస్తుందో లేదో చూడండి. సంచుల ధర, అవి ఎన్నాళ్లలో పంపుతారనేది ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితం మీద రాయించుకోండి.