బికినీ వ్యాక్స్‌కి ముందు ఏది మేలు: మత్తు క్రీమా, ఐసు ముక్కా, ట్రిమ్మరా?

పెళ్లికి పది రోజులుందనగా మా ఆడపడుచు కూతురు వాట్సాప్‌లో ఒక ట్యూబు ఫొటో పంపింది. "అత్తా, వ్యాక్స్‌కి ముందు ఇది రాసుకుంటే నొప్పే తెలీదట, ఆర్డర్ పెట్టేశాను. వాడొచ్చా?" ఫొటో పెద్దది చేసి చూశాను. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు బోలెడున్నాయి. మందు ఎంత శాతమో మాత్రం ఎక్కడా కనిపించలేదు. మాది మెడికల్ షాపు. తొడల మధ్య రోమాలు తీయించుకునే ఈ బికినీ వ్యాక్స్ ప్రశ్న నాకు కొత్త కాదు, పక్కన మగవాళ్లు లేనప్పుడు చూసి మెల్లగా అడుగుతుంటారు.

ముందు ఆ ట్యూబు సంగతే తేల్చేస్తాను. అది వద్దు. ఇలాంటి క్రీముల్లో ఎక్కువగా ఉండేది చర్మాన్ని మొద్దుబార్చే మందు లిడోకైన్, మన డాక్టర్లు లిగ్నోకైన్ అంటారు. అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మే క్రీముల్లో అది 4 శాతం మించకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే కొన్నింటిలో అంతకంటే ఎక్కువ ఉంటోందని 2024 మార్చిలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అంతకుముందు 2007లో ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. లేజర్‌తో రోమాలు తీయించుకోవడానికి వెళ్తూ ఇద్దరు అమ్మాయిలు కాళ్లకి మత్తు క్రీమ్ దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. ఇద్దరికీ ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి, చనిపోయారు. ఒకరికి 22 ఏళ్లు, ఇంకొకరికి 25. అది కాళ్ల మీద జరిగిన సంగతి. మనం మాట్లాడుతున్న చోట చర్మం అంతకన్నా పలుచన, లోపలి వైపు తడిగా ఉండే పొర. అక్కడ మందు గబగబా రక్తంలోకి దిగుతుంది.

మరి మెడికల్ షాపులో దొరికే లిగ్నోకైన్, ప్రిలోకైన్ (ఇదీ అలాంటి మత్తు మందే) కలిసిన క్రీమ్? ఒక్కొక్కటి 2.5 శాతం, మోతాదు తెలిసిన మందు, కాబట్టి ఆ గుర్తు తెలియని ట్యూబు కంటే వెయ్యి రెట్లు నయం. కానీ వాడే పద్ధతి దగ్గరే తప్పు జరుగుతుంది. చేతి మీద సూది గుచ్చే ముందైతే గంటసేపు కప్పి ఉంచుతారు. ఆడవాళ్ల జననాంగం బయటి భాగంలో చిన్న ప్రొసీజర్‌కి డాక్టర్లు దాన్ని 5 నుంచి 10 నిమిషాలే ఉంచుతారు, అదీ 10 గ్రాములు దాటకుండా. మనవాళ్లేమో ఇంట్లోనే 30 గ్రాముల ట్యూబు సగం పట్టించి, క్లింగ్ ఫిల్మ్ చుట్టుకుని, ఆటో ఎక్కి, పార్లర్‌లో వంతు కోసం కూర్చుంటారు. వ్యాక్స్ అయ్యాక మంటగా ఉందని మిగిలిన సగం పచ్చి చర్మం మీద రాస్తారు. అప్పుడు లోపలికి దిగే మందు ఇంకా ఎక్కువ.

ప్రిలోకైన్‌తో ఇంకో పేచీ ఉంది. కొందరిలో అది రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. పెదాలు నీలంగా మారతాయి, ఆయాసం వస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకీ, కుష్ఠుకీ కొన్ని చర్మ రోగాలకీ ఇచ్చే డాప్సోన్ వాడేవాళ్లకీ, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి నైట్రోఫ్యూరాన్‌టోయిన్ మింగుతున్నవాళ్లకీ ఈ ముప్పు ఎక్కువ. గుండె లయ, లివర్ సమస్యలున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. నోటి చుట్టూ, నాలుక మీద తిమ్మిరి, చెవుల్లో గుయ్యిమనడం, కళ్లు మసకలు, ఒళ్లు అదరడం లాంటివి మొదలైతే క్రీమ్ తుడిచేసి, కడిగేసి, 108కి ఫోన్ చేయాలి. ట్యూబు వెంట తీసుకెళ్లండి, ఏ మందో డాక్టర్‌కి వెంటనే తెలుస్తుంది.

కొందరు 2 శాతం లిగ్నోకైన్ జెల్లీ అడుగుతారు. అది యూరిన్ పైపు వేసేటప్పుడు వాడేది. రోమాలుండే మామూలు చర్మంలోకి పెద్దగా దిగదు, లోపలి తడి పొరకి తగిలితే మాత్రం దిగిపోతుంది. డబ్బు దండగ.

ఇంత జాగ్రత్తగా వాడినా నాకు మత్తు నచ్చకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. వ్యాక్స్ చేసే అమ్మాయిని ఎప్పుడైనా గమనించారా? చెక్క పుల్లతో కొంచెం తీసి ముందు తన మణికట్టు మీద రాసుకుని చూస్తుంది. తర్వాత మనకి రాస్తూ "వేడిగా ఉందా అక్కా?" అంటుంది. మొద్దుబారిన చర్మంతో ఆ మాటకి ఏం జవాబు చెబుతాం? కాలినా తెలీదు, పొర లేచినా తెలీదు. ఇంటికొచ్చాక సాయంత్రం తెలుస్తుంది. లేజర్‌లోనూ అంతే, భరించలేని మంట అంటేనే ఆపరేటర్ పవర్ తగ్గిస్తాడు. అందుకే లేజర్‌కి మత్తు కావాలంటే చర్మ డాక్టర్ క్లినిక్‌లోనే, వాళ్ల చేత్తోనే రాయించుకోవాలి.

వ్యాక్సే కావాలంటే నా ఓటు ఐసుకి. ముక్కని జేబురుమాలులో చుట్టి ఒకట్రెండు నిమిషాలు పెట్టి తీసేయాలి, తర్వాత బాగా తుడుచుకోవాలి, తడి మీద వ్యాక్స్ అంటుకోదు. రోమం బియ్యపు గింజంత ఉంటే చాలు, పొడుగ్గా ఉంటే కత్తిరించుకుని వెళ్లండి. నెలసరికి ముందు రోజుల్లో నొప్పి ఎక్కువ తెలుస్తుందని చాలామంది అంటారు, అది అయ్యాక వెళ్లడం మేలు. తిని, ఒక పారాసెటమాల్ వేసుకుని ముప్పావు గంట ఆగి వెళ్లొచ్చు. లవంగ నూనె చిట్కా మాత్రం వద్దు, అక్కడ నిప్పులా మండుతుంది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే వ్యాక్స్ మాటే ఎత్తొద్దు, చర్మం లేచొస్తుంది.

ట్రిమ్మర్‌కైతే ఈ గొడవే లేదు. నొప్పి లేదు కాబట్టి మత్తూ అక్కర్లేదు. నున్నగా రాదు, అంతే కదా. పైగా అక్కడ రోమాలుంటే మురికి అనుకోవడం కూడా తప్పే. కాన్పుకి ముందు అలవాటుగా షేవ్ చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆపరేషన్‌కైనా తప్పనిసరైతే బ్లేడు కాదు, క్లిప్పరే వాడమంది.

ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెబితే మా పిల్ల "ఇంత క్లాసా అత్తా" అని నవ్వే బొమ్మ పెట్టింది. ట్యూబు క్యాష్ ఆన్ డెలివరీయే కాబట్టి గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది. చేతులకీ కాళ్లకీ మాత్రం వ్యాక్స్ చేయించుకుంది. ట్రిమ్మర్ పెళ్లి కానుకగా నేనే కొనిచ్చాను, వాళ్లమ్మకి తెలీకుండా.