వేలికి పెట్టే ఆక్సిమీటర్: నాలుగేళ్లు వాడాక చెబుతున్నా

2021 మేలో, సెకండ్ వేవ్‌లో, అనంతపురంలో నాలుగు మెడికల్ షాపులు తిరిగి 2,200 పెట్టి కొన్నా. ఇప్పుడు అందులో సగం కూడా లేదు ధర, అది వేరే ఏడుపు. కోవిడ్ పోయినా మిషన్‌కు మాత్రం సెలవు లేదు, ఎందుకంటే మా నాయన తాడిపత్రిలో పాతికేళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము తెచ్చుకున్నాడు. రోజూ రెండుసార్లు చూస్తాం. బ్యాటరీలు నెలన్నర వస్తాయి, క్లిప్ వదులు కాలేదు, రెండుసార్లు కింద పడినా ఏమీ కాలేదు. వాటిల్లో వంక పెట్టను.

వంకంతా అది చూపించే నంబరు దగ్గరే, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చెప్పే నంబరు.

పోయిన చలికాలం ఒక రాత్రి నాయన మంచం మీద లేచి కూర్చొని "ఊపిరాడ్డంలేదురా" అంటున్నాడు, మిషనేమో 94 అంటోంది. నేను నాయన్ని కాకుండా మిషన్‌ను నమ్మి గంటసేపు ఆగాను, తప్పు నాదే. ఆసుపత్రికి పోతే వాళ్ల మిషన్‌లోనూ 94. "బాగానే ఉందన్నా, టెన్షన్ పడకండి, కూర్చోండి" అని బల్ల చూపించారు. తెల్లవారుజామున వచ్చిన డాక్టరమ్మ ఆయన రొప్పడం చూసి మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీయించింది, ఏబీజీ అంటారు. అందులో 86! వెంటనే ఆక్సిజన్ పెట్టారు.

రంగు ముదురుగా ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ చూపించొచ్చని ఆమే చెప్పింది. నాయనది తాడిపత్రి నల్ల నాపరాయి రంగు. మిషన్ వేలిలోంచి ఎర్ర కాంతిని, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి లెక్క అక్కడ తప్పుతుంది. ఇంటికొచ్చి వెతికితే, 2020లోనే మిచిగాన్ యూనివర్సిటీ డాక్టర్లు లెక్క తీశారు: మిషన్ 92 నుంచి 96 చూపించినా రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతమైతే నల్లజాతివాళ్లలో 11.7. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2013 మార్గదర్శకాల ప్రకారం ఈ మిషన్‌ను కనీసం పదిమంది మీద పరీక్షిస్తే చాలు, అందులో ముదురు రంగువాళ్లు ఇద్దరున్నా సరిపోయేది. ఇద్దరంట! మా తాడిపత్రి బస్సులో ఒక్క సీటుకే ముగ్గురుంటారు. 150 మందికి పెంచాలని 2025 జనవరిలో ముసాయిదా అయితే తెచ్చారు. నా డబ్బా మీద నెయిల్ పాలిష్ తీసేయమని ఉంది, చేతులు చల్లగా ఉండకూడదని ఉంది, రంగు సంగతి ఒక్క ముక్క లేదు.

మరి పారేశానా అంటే లేదు. రోజూ నంబరు నోటుబుక్కులో రాస్తున్నా, ఎందుకంటే ఉన్న నంబరు కంటే అది ఎంత పడిపోయిందన్నదే పనికొస్తుంది. ఆసుపత్రిలో "94 ఉంది సార్" అనడం మానేసి "మామూలుగా 97 ఉండేది, 94కి పడింది, మనిషి రొప్పుతున్నాడు, ఏబీజీ చేస్తారా" అని అడుగుతున్నా. నాయన ఆయాసపడితే నంబరు ఎంతున్నా బయల్దేరడమే.

మూడు స్టార్లు. మొన్న మా అత్తకు కూడా ఇదే కొన్నాం, ఆమె పచ్చగా ఉంటుంది, ఆమైతే ఐదు స్టార్లు ఇస్తుందేమో.