లోడ్ షీట్‌లో 4831 అని రాసుంటే ఏ 4831 పౌడర్ అని అడగండి, నేను అడగలేదు

అన్నలూ, అమెరికాలో ఉండి రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) చేసుకునేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో వైల్డ్‌క్యాట్ రైఫిల్ (మామూలు తూటా కేసుని మార్చి చేసుకున్న తూటాకి కట్టిన తుపాకీ) కొందామనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన నెల నాకు జరిగింది. కళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, దేవుడి దయ.

ఇక్కడ టెక్సాస్‌లో ఒక గన్ షోలో 6.5-06 రైఫిల్ కొన్నాను. థర్టీ ఆట్ సిక్స్ (.30-06) తూటా కేసు మెడని 6.5 ఎంఎంకి సన్నం చేస్తే వచ్చేదే ఇది. రైఫిల్‌తో పాటు డైలు (తూటా నింపే అచ్చులు), వంద బ్రాస్ (ఖాళీ ఇత్తడి కేసులు), చేత్తో రాసిన లోడ్ షీట్ ఒకటి ఇచ్చాడు అమ్మినాయన. షీట్‌లో 140 గ్రెయిన్ (తూకం కొలత) బుల్లెట్‌కి పౌడర్ ఎంత వెయ్యాలో రాసి పక్కన 4831 అని ఉంది, అంతే, ముందు ఏ అక్షరాలూ లేవు. అడిగితే ఏళ్ల తరబడి ఇదే కొడుతున్నా ఏం కాదు అన్నాడు.

4831 పేరుతో రెండు పౌడర్లున్నాయి, హెచ్ 4831, ఐఎంఆర్ 4831. పౌడర్ కోసం షాపుకెళ్తే హెచ్ 4831 స్టాక్ లేదు, కౌంటర్ దగ్గర కుర్రాడు ఐఎంఆర్ 4831 పౌండు డబ్బా చేతిలో పెట్టి నంబర్ ఒకటే కదా రెండూ ఒకటే అన్నాడు, రెండు రకాలూ ఇప్పుడు హాడ్జ్‌డన్ అనే పౌడర్ కంపెనీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి నేనూ నమ్మేశా.

ఒకటి కాదు అన్నా. హెచ్ 4831 కథ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన 20 ఎంఎం ఫిరంగి పౌడర్‌తో మొదలైంది, దాన్ని బ్రూస్ హాడ్జ్‌డన్ కొని రీలోడర్లకి అమ్మాడు. ఐఎంఆర్ 4831 తర్వాత 1970ల్లో డ్యూపాంట్ తెచ్చింది, 2003లో ఐఎంఆర్ కూడా హాడ్జ్‌డన్ చేతికొచ్చింది. ఐఎంఆర్ ది కాస్త త్వరగా మండుతుంది, అంటే అదే తూకం వేస్తే ప్రెషర్ ఎక్కువ. గింజలు చూసి పోల్చుకుందామంటే రెండూ అవే నల్లటి పుల్లలు.

షీట్‌లో ఉన్నదానికంటే ఒక్క గ్రెయిన్ తగ్గించి ఇరవై నింపాను, నా తప్పు అక్కడే. మొదటి షాట్‌కే బోల్ట్ బరువుగా లేచింది, రెండోదానికి అరచేత్తో కొడితే గానీ లేవలేదు, ప్రైమర్ (కేసు అడుగున నిప్పు రాజేసే చిన్న మూత) అప్పడంలా చదునైపోయింది, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి నెట్టే పిన్ను) గుర్తు మెరుస్తూ కనిపించింది, ఇవన్నీ ప్రెషర్ ఎక్కువైందనడానికి గుర్తులే. బుల్లెట్ స్పీడ్ చూస్తే షీట్‌లో రాసినదానికంటే సెకనుకి వంద అడుగులు పైనే. ఆపేశాను. ఇంటికొచ్చి మిగతా పద్దెనిమిదీ ఒక్కొక్కటే విప్పి పౌడర్ పారబోశా, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, ఇంట్లో ఆవిడకి వారం తర్వాత చెప్పాను.

అసలు విషయం ఇంకోటుంది. అమ్మినాయనకి మళ్లీ ఫోన్ చేస్తే, ఆ షీట్ పాత బారెల్‌తో రాసిందని, బారెల్ తర్వాత మార్పించానని అప్పుడు చెప్పాడు! గన్‌స్మిత్ (తుపాకీ మెకానిక్) ఛాంబర్ (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) అచ్చు తీసి చూస్తే, దాని ముందుండే గొంతు భాగం పొట్టిగా ఉందట, దాంతో కూడా ప్రెషర్ పెరుగుతుంది. వైల్డ్‌క్యాట్‌తో వచ్చే చిక్కే ఇది, ఒక్కో గన్‌స్మిత్ రీమర్ (ఛాంబర్ కోసే పనిముట్టు) ఒక్కోలా కోస్తుంది, ఒక రైఫిల్‌లో హాయిగా పేలేది ఇంకోదాంట్లో డేంజర్. షాపువాడు తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోనన్నాడు, డబ్బులు పోతే పోయాయిలెండి.

కొనేటప్పుడు పౌడర్ పూర్తి పేరు, బారెల్ ఎప్పుడు వేశారు, ఏ రీమర్‌తో కోశారు, ఇవి అడిగి తెలుసుకోండి. అమ్మేవాడు ఇవి చెప్పలేకపోతే ఆ షీట్ చింపెయ్యండి. పౌడర్ కంపెనీకి ఫోన్ చేస్తే డేటా గురించి మాట్లాడతారు, వాళ్లు చెప్పిన మొదటి (అతి తక్కువ) లోడ్ నుంచే మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. మూత తీసిన డబ్బా, పేరు లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా వద్దు, నాకూ అమ్మినాయన ఒకటి ఫ్రీ అని ఇచ్చాడు, అది వాడలేదు. నేను వేసిన గ్రెయిన్స్ ఎన్ని అని మెసేజ్‌లో అడక్కండి, చెప్పను. రైఫిల్ ఇంకా గన్‌స్మిత్ దగ్గరే ఉంది.