కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్ తీసిన చోట్లు చూసొచ్చాం: సెవిల్, లొయార్రే కోట, వర్జాజాత్. ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

ముందే ఒక మాట. రిడ్లీ స్కాట్ తీసిన కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్‌ని 2005లో థియేటర్లో 144 నిమిషాల వెర్షన్ చూసి పర్లేదులే అని వదిలేసినవాళ్ళు ఈ ట్రిప్ అనుకునేముందు డైరెక్టర్స్ కట్ (దర్శకుడు తనకి నచ్చినట్టు ఎడిట్ చేసిన వెర్షన్) చూడండి, దాదాపు 194 నిమిషాలు ఉంటుంది, అది వేరే సినిమా అనే చెప్పాలి. జెరూసలేం యువరాణి సిబిల్లా కొడుకు కథ మొత్తం అందులోనే ఉంది, అది తీసేస్తే ఆవిడ చివర్లో ఎందుకలా అయిపోయిందో ఎవరికీ అర్థం కాదు. మా వదినకి ఆ సినిమా అంటే ప్రాణం. అన్నయ్యవాళ్ళు ఉండేది మ్యూనిక్‌లో, నేను షెంగెన్ వీసా మీద వెళ్ళాను, అక్టోబర్‌లో ముగ్గురం కలిసి స్పెయిన్, అక్కణ్ణించి మొరాకో తిరిగొచ్చాం.

కథ క్రూసేడుల కాలంలో, 1187లో, క్రైస్తవుల చేతిలో ఉన్న జెరూసలేం ముస్లిం సుల్తాన్ సలాదిన్ చేతికి వెళ్ళడం గురించే గానీ తెర మీద మనకి కనపడే జెరూసలేం అసలు జెరూసలేం కాదు, కొంత సెవిల్, కొంత మొరాకో ఎడారి, మొదట్లో వచ్చే ఫ్రాన్స్ ఊరేమో స్పెయిన్ ఉత్తరాన ఉన్న కోట. ఒక్కచోటికే టైమ్ ఉంటే సెవిల్ వెళ్ళండి. రెండోది కూడా కుదిరితే లొయార్రే. మొరాకో మాత్రం మొరాకో కోసం వెళ్ళండి, సెట్ కోసమే అయితే అంత దూరం, అంత ఖర్చు దండగ.

సెవిల్లో అల్కజార్ అనే రాజభవనం గురించి ఎంత చెప్పినా తక్కువే. టికెట్ ఆన్‌లైన్లో టైమ్ స్లాట్‌తో సహా ముందే తీసుకోవాలి, వారం ముందు చూసినా పొద్దున్న స్లాట్లు ఉండట్లేదు, బయట టికెట్ లేనివాళ్ళ లైన్ చూస్తే జాలేస్తుంది. పై అంతస్తులో రాజుగారి గదులకి వేరే టికెట్, అది తీసుకోకపోయినా పెద్ద నష్టం లేదు. కింద ఉన్న డోన్సెయాస్ ప్రాంగణమే అసలు సంగతి. ఇప్పుడు మధ్యలో పొడవాటి నీళ్ళ కొలను, రెండు వైపులా నేలకంటే లోతుగా ఉన్న తోట కనపడతాయి కదా, వందల ఏళ్ళ పాటు అక్కడ ఇవేమీ లేవు, 1580ల్లో పైన పాలరాయి పరిచేసి మొత్తం కప్పేశారు. 2000ల్లో తవ్వితే కింద పాత తోట బయటపడింది. సరిగ్గా అప్పుడే ఈ సినిమా వాళ్ళు వచ్చారు, షూటింగ్ కోసం మళ్ళీ తాత్కాలికంగా పాలరాయి పరిపించి, అయిపోయాక తీసేశారు. అందుకే సినిమాలో చూసిన నేల కోసం వెతికితే దొరకదు. వదిన ఫోన్లో ఆ సీన్ పెట్టుకుని స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కెమెరా ఎక్కడ పెట్టుంటారో వెతికింది, అన్నయ్య "చాల్లేవే, వెనక జనం ఆగిపోయారు" అంటున్నా కదల్లేదు.

ఆ గోడల దగ్గర కాసేపు నిలబడండి. ఆ ప్యాలెస్ కట్టించింది పెద్రో అనే క్రైస్తవ రాజు, 1364లో మొదలుపెట్టించాడు. పనిచేసినవాళ్ళలో గ్రనడా నుంచి ముస్లిం సుల్తాన్ ఐదో మహమ్మద్ పంపిన పనివాళ్ళు కూడా ఉన్నారు. ముందు గోడ మీద నీలం, తెలుపు టైల్స్‌లో అల్లా తప్ప విజేత లేడు అని అరబిక్‌లో మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుంది, దాని చుట్టూ పెద్రో పేరు, బిరుదులు స్పానిష్‌లో చెక్కారు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ అక్షరాలు మనవైపు ముగ్గుల్లో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియనట్టే ఒకదాంట్లోంచి ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. రెండు మతాలవాళ్ళు ఒకేచోట బతకడం కుదురుతుందా అని సినిమా మొత్తం పాత్రలు వాదించుకుంటూనే ఉంటాయి, నాకైతే ఆ డైలాగులన్నిటికంటే ఈ గోడే ఎక్కువ చెప్పింది. స్కాట్ ఈ చోటు ఎంచుకోవడం ఊరికే అందంగా ఉందని కాదేమో అనిపించింది, అది నా ఊహే అనుకోండి.

అక్కడికి పావుగంట నడకలో కాసా దె పిలాతోస్ అనే పాత ప్రభువుల భవనం ఉంది, ఇక్కడ కూడా ఈ సినిమా తీశారు. జనం చాలా తక్కువ, అల్కజార్‌లో తోపులాట తర్వాత ఇక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. దీనికి జెరూసలేంతో నిజంగానే సంబంధం ఉంది, ఈ ఇంటి యజమాని తరీఫా మార్కీస్ అనే ప్రభువు 1518లో బయల్దేరి జెరూసలేం యాత్ర చేసి 1520లో తిరిగొచ్చాడు, వచ్చాక ఈ ఇంటి నుంచి ఊరి బయట ఒక శిలువ దాకా గుడ్‌ఫ్రైడే ముందు రోజుల్లో భక్తులు నడిచే దారి ఏర్పాటు చేశాడు, ఆ దూరం జెరూసలేంలో ఏసు శిలువ మోసిన దూరమంతే ఉండాలని లెక్క. కింద అంతస్తు ఆడియో గైడ్‌తో మనమే చూసుకోవచ్చు, పైది గైడ్‌తోనే. మెట్ల దగ్గర టైల్స్ మాత్రం వదలొద్దు.

సెవిల్లో ఉండటానికి సాంతా క్రూజ్ అనే పాతపేట వీధులు ఫొటోల్లో బావుంటాయి గానీ రేట్లు ఎక్కువ, రాత్రి ఒంటిగంట దాకా కింద టేబుళ్ళ దగ్గర మాటలు, సూట్‌కేస్ చక్రాల చప్పుడు. మేము కాసా దె పిలాతోస్ వైపు వీధిలో కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, అన్నం వండుకుని మజ్జిగ కలుపుకునే వీలుంటే పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి అదే మేలు. శాకాహారులకి ఒక హెచ్చరిక, వెజ్ సలాడ్ అని చెప్పినా ట్యూనా వేసిస్తారు, సాల్మొరెహో అనే టమాటా చల్ల సూప్ మీద పంది మాంసం ముక్కలు, గుడ్డు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. పాలకూర, సెనగలు, జీలకర్ర వేసి చేసే ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ మాత్రం ధైర్యంగా అడగండి, మన నోటికి బాగా ఎక్కుతుంది. రాత్రి ఎనిమిదికి తిందామంటే చాలా చోట్ల కిచెన్ తెరవరు. జులై, ఆగస్టుల్లో మాత్రం వెళ్ళకండి, 40 డిగ్రీలు దాటుతుంది, మన రెంటచింతల ఎండలే.

లొయార్రే సెవిల్‌కి పూర్తిగా రెండో కొస, జరగోజా దాకా రైల్లో వెళ్ళి అక్కడ కారు తీసుకున్నాం. దగ్గర్లోని ఉయెస్కా ఊరి నుంచి కోట 35 కిలోమీటర్లలోపే, బస్సులని నమ్ముకుంటే రోజంతా పోతుంది. కారు విషయంలో మాత్రం మాకు మంట పుట్టింది, ఒక రెంటల్ కంపెనీ వాళ్ళు తిరిగిచ్చేటప్పుడు తలుపు మీద ముందే ఉన్న గీత చూపించి డబ్బు కట్ చేస్తామన్నారు, అన్నయ్య తీసుకున్నప్పుడే చుట్టూ వీడియో తీసి ఉంచాడు కాబట్టి వాళ్ళ మేనేజర్ దాకా వెళ్ళి వదిలించుకున్నాం. ఎక్కడ కారు తీసుకున్నా ఆ వీడియో తప్పకుండా తీయండి.

ఇక కోట. 11వ శతాబ్దం నాటిది, రాతి కొండ మీద కొండలోంచే పెరిగినట్టు నిలబడి ఉంటుంది. సినిమా మొదట్లో హీరో బేలియన్ కమ్మరి కొలిమి ఉండే ఊరి వెనకాల కనపడేది ఇదే. లోపలికి వెళ్ళే మెట్లు చర్చి కిందనుంచి పోతాయి, చీకట్లో పైకి ఎక్కుతుంటే పక్కన చిన్న భూగృహం లాంటి ప్రార్థన గది, ఇంకా పైకెళ్తే ఒక్కసారిగా వెలుతురుతో నిండిన చర్చి, అంత ఎత్తు గుమ్మటం కోటలో ఉంటుందని ఊహించలేదు. రాతి అంచుల మీద చదరంగం గళ్ళలా చిన్న చిన్న చదరాలు చెక్కారు, ఆ ప్రాంతమంతా అదే గుర్తు. బురుజు మీదికెక్కితే కింద మైదానం మొత్తం కనపడుతుంది, పైన రాబందులు తిరుగుతుంటాయి, గాలి మాత్రం చెవులు మూసుకుపోయేలా కొడుతుంది, జాకెట్ లేకుండా వెళ్ళొద్దు. మెట్లకి చాలా చోట్ల పట్టుకోడానికి ఏమీ ఉండదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ప్రాకారం దగ్గరే ఆగిపోవడం మంచిది, అక్కణ్ణించి కూడా బాగానే కనపడుతుంది. కింద పార్కింగ్, కాఫీ, టాయిలెట్లు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. రాత్రికి ఉయెస్కాలో దిగాం, సెవిల్‌తో పోలిస్తే సగం ఖర్చు, హోటల్ ఆవిడ పొద్దున్నే మేము బయల్దేరతామని తెలిసి బ్రేక్‌ఫాస్ట్ ముందే పెట్టించింది. టైమ్ ఉంటే జరగోజాలో అల్హఫెరియా కూడా చూడండి, అది ముస్లిం రాజులు 11వ శతాబ్దంలోనే కట్టిన ప్యాలెస్, లొయార్రేకి సమకాలీనమే.

మొరాకోకి మర్రకేష్ దాకా ఫ్లైట్, అక్కణ్ణించి సినిమా స్టూడియోలున్న వర్జాజాత్ ఊరు దాదాపు 200 కిలోమీటర్లు, అట్లాస్ కొండల మీదుగా తిజి న్ తిష్కా కనుమ దాటాలి, ఎత్తు 2,260 మీటర్లు, మలుపులకి కడుపు తిప్పుతుంది, మాత్ర వేసుకునే ఎక్కండి. సీటీఎం అనే కంపెనీ బస్సులున్నాయి గానీ మధ్యలో ఆగాలంటే కారు, డ్రైవర్ మాట్లాడుకోవడమే నయం, రేటు, ఎక్కడెక్కడ ఆపుతాడో బయల్దేరక ముందే తేల్చుకోండి. అక్కడి డబ్బు దిర్హాములు మన దగ్గర దొరకవు, అక్కడే మార్చుకోవాలి.

వర్జాజాత్‌లో అట్లాస్ స్టూడియోస్ 1983లో పెట్టారు. రామోజీ ఫిల్మ్‌సిటీ లాగా బస్సులు, షోలు, ఫుడ్‌కోర్టులు ఊహించుకుని వెళ్తే నిరాశే. ఒక గైడ్ గుంపుని వెంటేసుకుని ఈజిప్టు గుడి, టిబెట్ ఆశ్రమం అంటూ సెట్లు చూపిస్తాడు, ఎండ నెత్తిన కొడుతుంటుంది, నీళ్ళు మనమే తెచ్చుకోవాలి. జెరూసలేం సెట్ మా టూర్‌లో లేదు, దూరంగా ఎడారిలో గోడలు కనపడతాయి. మా డ్రైవర్ అక్కడి కాపలాదారుతో మాట్లాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. దూరంనుంచి నిజమైన కోటగోడే, దగ్గరికెళ్ళి వేలితో కొడితే డొల్ల చప్పుడు, పెచ్చులూడిన చోట ప్లాస్టర్‌లోంచి గడ్డి పరకలు, వెనక్కెళ్తే ఇనప పైపుల పరంజా. మొరాకో సైన్యం నుంచి వచ్చిన జవాన్లు ఎక్స్‌ట్రాలుగా ఈ గోడ మీదికే ఎగబడ్డారని తలుచుకుంటే వదినకి కళ్ళు చెమర్చాయి, అన్నయ్యకి పావుగంటలో బోర్ కొట్టింది. సినిమా మీద ఎంత ప్రేముంటే ఆ చోటు అంత.

రాత్రి వర్జాజాత్‌లో ఉండకండి. 30 కిలోమీటర్ల దూరంలో ఐత్ బెన్‌హద్దూ ఉంది, మట్టితో కట్టిన పాత కోట ఊరు, 1987లో యునెస్కో జాబితాలోకి వచ్చింది, అక్కడ వాగు ఒడ్డున గెస్ట్‌హౌస్‌లున్నాయి. టూర్ బస్సులు సాయంత్రానికి వెళ్ళిపోతాయి, తర్వాత ఊరంతా మనదే. ఊళ్ళోకి టికెట్ ఏమీ లేదు, కొన్ని ఇళ్ళ గుండా దారి చూపించి డబ్బులడుగుతారు, వంతెన వైపు నుంచి వెళ్తే ఆ గొడవే ఉండదు. గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్ళు ఒక్కో బాత్రూమ్‌కి ఒక్కోలా వచ్చాయి, దుప్పట్లు మాత్రం మందంగా ఇచ్చారు, మూతపెట్టిన మట్టి పాత్రలో వండే తజీన్ బ్రహ్మాండం. వెజ్ కూస్‌కూస్ (గోధుమరవ్వ వంటకం) అని ఇచ్చేది చాలాసార్లు మాంసం పులుసులో ఉడికించిందే, అడిగి తినండి.

పిల్లలకి చరిత్ర కూడా చెప్పాలనుకుంటే ముందే సరిచేసి చెప్పండి. అసలు బేలియన్ కమ్మరి కాదు, జెరూసలేం రాజ్యంలోనే పుట్టి పెరిగిన జమీందారు, ఆయన భార్య మరియా కొమ్నేనె సిబిల్లాకి సవతి తల్లి, సినిమాలో సిబిల్లాతో ప్రేమకథ పూర్తిగా కల్పన. కుష్ఠువ్యాధితో 1185లో పోయిన జెరూసలేం రాజు నాలుగో బాల్డ్విన్ మాత్రం నిజం, సినిమాలో ఆయన పెట్టుకునే వెండి ముసుగు నిజం కాదు. హత్తిన్‌లో 1187 జులై 4న జరిగిన యుద్ధంలో జెరూసలేం సైన్యం దాదాపు మొత్తం పోయాక బేలియనే నగరాన్ని కాపాడటం, అక్టోబర్ 2న ఒప్పందం మీద అప్పగించడం, మగవాళ్ళకి 10 దినార్లు, ఆడవాళ్ళకి 5 చొప్పున కట్టి బయటికి వెళ్ళొచ్చని తేలడం, కట్టలేనివాళ్ళు వేలమంది బానిసలుగా మిగిలిపోవడం, ఇవన్నీ జరిగినవే. ఆ చివరిది సినిమాలో లేదు, ఉండాల్సింది.

వదిన ఇప్పుడు జోర్డాన్‌లో సినిమాలో వచ్చే కెరక్ కోట అసలుది ఉంది, అక్కడికి వెళ్దామంటోంది, 1183లో పెళ్ళి జరుగుతుండగా సలాదిన్ ముట్టడించింది దాన్నే. అన్నయ్య ఇంకా ఊ అనలేదు. నేను మాత్రం రెడీ.