రోమ్ సమాధుల దారిలో అమ్మతో మూడు రోజులు

రోమ్‌లో మూడు రోజులున్నాం, నేనూ అమ్మా. అందులో ఒకటిన్నర రోజు సమాధులకే సరిపోయింది. వాటిలో నాకు బాగా నచ్చిన దానికి టికెట్టే లేదు.

పోర్తా మజ్జోరే అనే పాత నగర ద్వారం దగ్గర, ట్రామ్ పట్టాల పక్కనే ఉంది అది. యూరిసాకెస్ అనే రొట్టెల వ్యాపారిది, క్రీ.పూ. 1వ శతాబ్దపు కట్టడం. గోడ నిండా పెద్ద పెద్ద గుండ్రటి రంధ్రాలు. అవి పిండి కలిపే తొట్లకు గుర్తు అంటారు కొందరు, ధాన్యం కొలిచే పాత్రలంటారు మరికొందరు. పైన రాతి పట్టీలో గాడిదలు తిరగలి తిప్పుతున్నాయి, పనివాళ్లు పిండి పిసుకుతున్నారు, రొట్టెలు తూకం వేస్తున్నారు. అమ్మ మెడ పైకెత్తి ఎంతసేపు చూసిందో! భార్య అతిస్తియా అస్థికలు ‘ఈ రొట్టెల బుట్టలో’ ఉన్నాయని అక్కడ దొరికిన శాసనంలో ఉందట. తర్వాతి కాలంలో కట్టిన బురుజు దీన్ని కప్పేసింది. 1838లో ఆ బురుజు కూల్చాకే మళ్లీ బయటపడింది.

బస పిరమిడ్ మెట్రో స్టేషన్ దగ్గర తీసుకున్నాం. లిఫ్ట్ ఉందన్నారు, తీరా వెళ్తే అది పనిచేయడం లేదు. పాపం అమ్మ మూడంతస్తులు ఎక్కింది. కానీ చోటు మాత్రం చాలా వీలు: మెట్రో, మూడో నంబర్ ట్రామ్ రెండూ దగ్గరే. స్టేషన్ బయటికి రాగానే సెస్టియస్ పిరమిడ్, అదీ ఒక రోమన్ సమాధే. సుమారు 36 మీటర్ల ఎత్తు, పాలరాతి పలకలు, 330 రోజుల్లో పూర్తిచేశామని దాని మీదే రాసుకున్నారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో నగర ప్రాకారంలో కలిపేయడం వల్లే ఇంత చక్కగా మిగిలింది.

సాంత్ ఆంజెలో కోట అసలు హేడ్రియన్ చక్రవర్తి సమాధి. క్యూ చాలా పెద్దది, టికెట్టు ముందే కొనుక్కోండి. లోపల మెలికలు తిరుగుతూ పైకెళ్లే వాలుదారిలోనే ఆయన కాలం కనిపిస్తుంది. మిగతాది చాలావరకు తర్వాతి పోపుల కోట. సమయం తక్కువైతే వదిలేయొచ్చు.

ఊరి బయటికి వెళ్లే పాత రోమన్ రోడ్డు, అప్పియా దారి మాత్రం వదలొద్దు. ఊరి లోపల శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదు అని రోమన్ల తొలినాటి ‘పన్నెండు ఫలకాల’ చట్టం. అందుకే సమాధులన్నీ ఊరి బయట, బాటసారుల కళ్లెదుట వెలిశాయి. ఆ దారిలోనే ఉన్న సిసీలియా మెటెల్లా అనే రోమన్ మహిళ సమాధి సుమారు 29 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి కట్టడం, చుట్టూ ఎద్దు తలలు, పూదండలు. పైనున్న, కోటగోడల మీద ఉండేలాంటి పళ్ల అంచు 14వ శతాబ్దంలో కైతానీ కుటుంబం పెట్టించినది. కింది చదరపు పీఠం మీది రాళ్లను ఎప్పుడో ఊడబెరుక్కుపోయారు. అందుకే లోపలి రోమన్ కాంక్రీటు బయటపడి, ఎలా కట్టారో కళ్లారా చూడొచ్చు. పాత బండరాళ్ల మీద నడక కష్టం, మంచి బూట్లు వేసుకోండి. తిరుగు ప్రయాణానికి అమ్మ మోకాళ్ల కోసం టాక్సీ పిలిచాం.

టాక్సీ వచ్చేలోపు మెటెల్లా సమాధి శాసనంలో ఏముందని అడిగింది అమ్మ. “క్వింటస్ క్రెటికస్ కూతురు, క్రాసస్ భార్య” అన్నాను.

“అంతేనా? ఆవిడ గురించి ఇంకేం లేదా?” కాసేపాగి, “రేపు బయల్దేరేముందు ఆ రొట్టెలాయన దగ్గరికి ఇంకోసారి వెళ్దాం నాన్నా” అంది.